కారు హ్యాండిల్‌కు బదులు వచ్చిన స్ప్రింగులు, లివర్లు ఎందుకు నిలవలేదు

అమెరికాలో 1912 మోడల్ క్యాడిలాక్ కారులో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అదే దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టీకి మాత్రం ఫ్యాక్టరీ నుంచే ఆ సౌకర్యం రావడానికి 1919 దాకా పట్టింది. ఈ మధ్యకాలంలో లక్షల మోడల్ టీలు రోడ్ల మీదికి వచ్చాయి. వాటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు రేడియేటర్ కింద ఉన్న హ్యాండిల్ పట్టుకుని తిప్పితేనే కదిలేది. ఆ అవసరం కోసమే చిన్నా పెద్దా కంపెనీలు రకరకాల మెకానికల్ సెల్ఫ్ స్టార్టర్లు తయారుచేసి అమ్మాయి. కొన్ని స్ప్రింగుతో పనిచేసేవి, కొన్ని డాష్‌బోర్డ్ నుంచి లాగే లివర్‌తో. ఖరీదైన కార్లలో గాలి ఒత్తిడితో, ఎసిటిలీన్ గ్యాస్‌తో పనిచేసేవి కూడా వచ్చాయి.

కార్ల చరిత్ర చెప్పేటప్పుడు వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. "హ్యాండిల్ ఉండేది, తర్వాత కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ కనిపెట్టాడు" అని చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఇది ఆ ఇంజనీర్లకు అన్యాయం. వాళ్లు తయారుచేసిన యంత్రాలు పనిచేశాయి. అయితే ఏ సమయంలో పనిచేశాయి, ఏ సమయంలో చేతులెత్తేశాయి అన్నది చూస్తేనే అవి ఎందుకు నిలవలేదో తెలుస్తుంది.

ముందు హ్యాండిల్ సంగతి. మన దగ్గర అంబాసిడర్ కార్లకు కూడా చాలాకాలం హ్యాండిల్ ఉండేది. బ్యాటరీ డౌన్ అయితే బంపర్ దగ్గరి రంధ్రంలో దాన్ని దూర్చి, "హ్యాండిల్ కొట్టి" బండి స్టార్ట్ చేసేవాళ్లు. కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో పాతతరం డ్రైవర్లకు బాగా తెలుసు. హ్యాండిల్ చివర వాలుగా కోసిన పళ్లు ఉంటాయి. అవి ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ చివరి పళ్లలో ఇరుక్కుంటాయి. ఇంజన్ అందుకుని ముందుకు తిరిగితే ఆ వాలు హ్యాండిల్‌ను బయటికి నెట్టేస్తుంది. ఇంజన్ వెనక్కి తిరిగితే మాత్రం పళ్లు విడవవు. ఇంజన్ బలమంతా హ్యాండిల్ మీదుగా నేరుగా చేతికి వస్తుంది.

ఇంజన్ వెనక్కి ఎందుకు తిరుగుతుంది? పెట్రోలు మిశ్రమం మండటానికి కొంత సమయం పడుతుంది. అందుకని ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వాలి. చేత్తో నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు అదే స్పార్క్ అంత ముందుగా వస్తే పిస్టన్ పైకి చేరేలోపే మంట ఒత్తిడి దాన్ని కిందికి తన్నేస్తుంది. మోడల్ టీలో స్టీరింగ్ కింద ఎడమవైపు ఒక చిన్న లివర్ ఉంటుంది. స్టార్ట్ చేసేముందు దాన్ని పైకి నెట్టి స్పార్క్ ఆలస్యమయ్యేలా చేయాలి. ఆ సంగతి మరిచిపోతే మణికట్టు విరిగేది. బొటనవేలి వైపు ఎముక చివర విరిగే ఆ గాయానికి వైద్యంలో ఇప్పటికీ "షోఫర్ ఫ్రాక్చర్" అనే పేరుంది. ఎడమ చేత్తో పట్టుకోవాలని, బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలని, కిందికి నొక్కకుండా పైకి లాగాలని చెప్పేవాళ్లు. ఇంజన్ వెనక్కి తన్నినా హ్యాండిల్ వేళ్లలోంచి జారిపోవాలన్నది అందులోని కిటుకు. కిక్ కొట్టే బుల్లెట్ నడిపినవాళ్లకు ఆ వెనక్కి తన్నడం ఎలా ఉంటుందో కాస్త అనుభవమే.

చలికాలంలో ఇంకో బాధ ఉండేది. మోడల్ టీ క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. చలికి ఆయిల్ చిక్కబడితే ప్లేట్లు విడివడవు. అప్పుడు హ్యాండిల్ తిప్పే మనిషి ఇంజన్‌తోపాటు బండిని కూడా నెడుతున్నట్టే అవుతుంది. పైగా ఇంజన్ అందుకోగానే కారు ఆయన మీదికే నడిచి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది వెనక చక్రం ఒకదాన్ని జాకీతో లేపి, అప్పుడు హ్యాండిల్ తిప్పేవాళ్లు. సిలిండర్లకు పెట్రోలు మిశ్రమం వెళ్లే గొట్టం, అంటే ఇన్లెట్ మానిఫోల్డ్ మీద వేడినీళ్లు పోయడం ఇంకో ఉపాయం. మెకానికల్ స్టార్టర్ గట్టెక్కాల్సిన అసలు పరీక్ష ఈ చలికాలపు పొద్దుటి పూటే.

కొంచెం లెక్క వేసి చూద్దాం. మోడల్ టీ ఇంజన్ 2.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్ 0.7 లీటర్లకు కాస్త పైన. కంప్రెషన్ నిష్పత్తి 4 చుట్టుపక్కల, అంటే పిస్టన్ గాలిని దాదాపు నాలుగో వంతుకు నొక్కుతుంది. ఒక సిలిండర్‌లోని గాలిని నొక్కి పిస్టన్‌ను పైదాకా చేర్చడానికి రమారమి వంద జౌళ్ల పని కావాలి. పది కిలోల బరువును మీటరు ఎత్తు లేపితే అంత పని అవుతుంది. పిస్టన్ పైభాగం దాటాక ఆ నొక్కిన గాలి చేసిన పనిలో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది, కానీ అక్కడిదాకా చేర్చే బలం ముందు ఉండాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకూ ఇలాంటి ఒక అడ్డంకి, అంటే ఒక కంప్రెషన్, వస్తుంది. వీటికి తోడు ఘర్షణ ఉంది, చలిలో చిక్కబడిన ఆయిల్ ఉంది.

వెచ్చగా ఉన్న ఇంజన్‌కు ఒక కంప్రెషన్ దాటిస్తే చాలు, అందుకుంటుంది. సిలిండర్లలో మిశ్రమం అప్పటికే ఉంటుంది, పెట్రోలు సులభంగా ఆవిరవుతుంది. చల్లటి ఇంజన్ అలా కాదు. కార్బురేటర్ నుంచి మిశ్రమం నాలుగు సిలిండర్లకూ చేరాలంటే కనీసం రెండు పూర్తి చుట్లు తిప్పాలి. చాలాసార్లు అంతకంటే ఎక్కువే. ఘర్షణతో కలుపుకుంటే వెయ్యి జౌళ్లు ఖర్చవడం పెద్ద విషయం కాదు. అదీ ఒక్క ప్రయత్నానికే.

ఇప్పుడు డాష్‌బోర్డ్ లివర్ సంగతి. శాండ్‌బో లాంటి స్టార్టర్లు ఈ రకమే. హ్యాండిల్ ఉండే చోట ఒక డ్రమ్, ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం (రాచెట్) బిగిస్తారు. దానికి చుట్టిన కేబుల్ లేదా చైన్ డ్రైవర్ ముందున్న లివర్‌కు వస్తుంది. లాగితే క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది, వదిలితే చిన్న స్ప్రింగ్ డ్రమ్‌ను వెనక్కి తెస్తుంది. సీట్లో కూర్చున్న మనిషి ముప్పై కిలోల బలంతో అర మీటరు లాగితే వచ్చే పని నూట యాభై జౌళ్లు. ఒక కంప్రెషన్ దాటుతుంది, ఘర్షణకు కాస్త మిగులుతుంది. కాళ్లు తన్నిపట్టి రెండు చేతులా బలంగా లాగితే రెండు దాటొచ్చు. శాండ్‌బో వాళ్లు తమ స్టార్టర్‌ను "రెండు కంప్రెషన్ల స్టార్టర్" అనే ప్రచారం చేసుకున్నారు. ఈ లెక్క చూశాక ఆ మాట ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఒక కంప్రెషన్‌కూ రెండు కంప్రెషన్లకూ మధ్య తేడాయే ఈ వ్యాపారంలో గెలుపోటములు తేల్చేది, మనిషి ఒంటి బలానికి దాదాపు అదే గరిష్ఠం.

ట్రాఫిక్ మధ్యలో ఆగిపోయిన బండికి ఇది నిజంగా పెద్ద ఉపకారం. వానలో దిగి, వెనక హారన్లు మోగుతుంటే కారు ముందుకు వెళ్లి వంగాల్సిన పని తప్పింది. వెనక్కి తన్నినా ఆ దెబ్బ మణికట్టుకు నేరుగా తగలదు. ఇంజన్ అందుకోగానే బండి మీదికి వస్తుందన్న టెన్షన్ లేదు, డ్రైవర్ తన సీట్లోనే ఉన్నాడు కాబట్టి. ఈ స్టార్టర్లను పనికిరాని సరుకు అనేవాళ్లు ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. రోజుకు ఎన్నోసార్లు ఆగి మళ్లీ బయల్దేరే డాక్టర్‌కో, సరుకు చేరవేసే డ్రైవర్‌కో ఇది చాలా విలువైన వస్తువు. పొద్దున్నే చలికి బిగుసుకుపోయిన ఇంజన్ ముందు మాత్రం లివర్ ఓడిపోయేది. మళ్లీ హ్యాండిలే దిక్కు. హ్యాండిల్‌తో సులభంగా స్టార్టయ్యే పరిస్థితిలోనే లివర్‌తోనూ స్టార్టయ్యేది. హ్యాండిల్ కష్టమైన చోట లివర్ ఇంకా కష్టం.

స్ప్రింగ్ స్టార్టర్ ఈ ఇబ్బందిని తప్పించడానికి వేసిన ఎత్తు. గడియారంలో ఉండేలాంటి చుట్టల స్ప్రింగే, కానీ చాలా బరువైనది, ఒక పెట్టెలో బిగించి ఇంజన్ ముందు పెడతారు. డ్రైవర్ పెడల్ తొక్కితే కొక్కెం వదులుతుంది, స్ప్రింగ్ విప్పుకుంటూ క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఇంజన్ అందుకున్నాక దాని బలంతోనే స్ప్రింగ్ మళ్లీ బిగుసుకుని, నిండగానే దానంతటది విడిపోతుంది. ఇక్కడ కష్టపడేది మనిషి కాదు, ముందురోజు నడిచిన ఇంజన్. ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఎలక్ట్రిక్ స్టార్టర్ వెనక ఉన్న ఆలోచన కూడా సరిగ్గా ఇదే. ఇంజన్ తాను నడుస్తున్నప్పుడు కాస్త శక్తి దాచిపెట్టి, రేపు తనను తానే లేపుకోవడం.

చిక్కు ఎక్కడంటే, ఉక్కు స్ప్రింగ్‌లో దాగే శక్తి చాలా తక్కువ. మంచి స్ప్రింగ్ ఉక్కు కిలోకు ఏవో రెండు మూడు వందల జౌళ్లు దాచగలదు. వెయ్యి జౌళ్లు కావాలంటే స్ప్రింగే నాలుగైదు కిలోలు ఉండాలి, దాన్ని పట్టి ఉంచే పెట్టె, గేర్లు అదనం. అంత చేసినా దొరికేది ఒకే ఒక్క ప్రయత్నం. అది విఫలమైతే స్ప్రింగ్‌ను చేత్తో చుట్టాలి, అంటే మళ్లీ హ్యాండిల్ పనే. లెడ్ యాసిడ్ బ్యాటరీ సంగతి చూస్తే ఇప్పటివి కిలోకు లక్ష జౌళ్ల దాకా దాచగలవు. 1910ల నాటివి అంతకంటే బలహీనమైనవే అయినా స్ప్రింగ్‌తో పోలిస్తే వందల రెట్లు మెరుగు. బ్యాటరీ ఉన్న డ్రైవర్ మొదటిసారి అందుకోకపోతే చోక్ సర్దుకుని రెండోసారి, మూడోసారి, పదోసారి ప్రయత్నించగలడు. స్ప్రింగ్ ఉన్న డ్రైవర్‌కు ఆ వెసులుబాటు లేదు. మెకానికల్ స్టార్టర్ల ఓటమికి అసలు కారణం ఇదే. వాటిలో బలం తక్కువ కాదు, రెండో అవకాశం తక్కువ.

గాలితో, గ్యాస్‌తో చేసిన ప్రయత్నాలు ఈ లోటును కొంతవరకు పూడ్చాయి. క్లీవ్‌లాండ్‌లోని వింటన్ కంపెనీ 1908 నుంచి తన ఆరు సిలిండర్ల కార్లలో ఒత్తిడి ట్యాంకు పెట్టింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సిలిండర్ల నుంచే ఒత్తిడిని ట్యాంకులోకి పంపి, స్టార్ట్ చేసేటప్పుడు ఒక వాల్వు ద్వారా సరైన సిలిండర్లలోకి తిరిగి వదిలేవాళ్లు. చామర్స్ కార్లకూ గాలి స్టార్టర్ వచ్చింది. రష్యా చక్రవర్తి రెండో నికొలస్ వాడిన ఫ్రెంచి డెలోనే బెల్విల్ కారులో కూడా గాలి ఒత్తిడితో స్టార్టయ్యే ఏర్పాటు ఉండేది. ఈ పద్ధతి బాగానే పనిచేసేది, ట్యాంకులో ఒత్తిడి నిలిచి ఉన్నంతవరకు. వాల్వుల దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర సన్నగా కారిపోతూనే ఉంటుంది. కొద్దిరోజులు బండి తీయకపోతే ట్యాంకు ఖాళీ.

ఎసిటిలీన్ పద్ధతి ఇంకా సాహసం. అప్పట్లో కార్ల హెడ్‌లైట్లు ఎసిటిలీన్‌తో వెలిగేవి, చాలా బండ్ల పక్కన ప్రెస్ట్ ఓ లైట్ కంపెనీ సిలిండర్ ఉండేది. ఆ గ్యాస్‌నే కాస్త ఇంజన్ సిలిండర్లలోకి వదిలి స్పార్క్ ఇస్తే పిస్టన్ కదులుతుంది కదా అన్నది ఆలోచన. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడు పిస్టన్లు సాధారణంగా మధ్యలో నిలుస్తాయి, ఒక సిలిండర్ ఎప్పుడూ పవర్ స్ట్రోక్‌లోనే, అంటే మంట పిస్టన్‌ను కిందికి నెట్టే దశలోనే ఉంటుంది. కాబట్టి మండేందుకు ఒకటి సిద్ధంగా దొరుకుతుంది. గాలిలో రెండున్నర శాతం నుంచి ఎనభై శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా ఎసిటిలీన్ మండుతుంది, కాబట్టి పాళ్లు కుదరలేదన్న సమస్యా లేదు. ఇబ్బంది దాని వేగంతోనే. పెట్రోలు కంటే చాలా తీవ్రంగా మండి పిస్టన్ మీద, బేరింగుల మీద సమ్మెట దెబ్బ వేస్తుంది. రోజూ ఆ దెబ్బలు తినే ఇంజన్ ఎక్కువకాలం ఉండదు.

ఏ స్టార్టరూ లేకుండానే స్టార్ట్ అయ్యే చిట్కా మోడల్ టీలో ఒకటుంది. దాని ఇగ్నిషన్ కాయిళ్లు కరెంటు అందినంతసేపూ గుయ్యిమంటూ వరసగా స్పార్కులు ఇస్తూనే ఉంటాయి. వెచ్చటి ఇంజన్‌ను ఆపినప్పుడు ఒక సిలిండర్‌లో మిశ్రమం మిగిలి, ఏ సిలిండర్‌కు ఎప్పుడు కరెంటు వెళ్లాలో చూసే టైమర్ కూడా దాని కాంటాక్ట్ మీదే ఆగితే, బ్యాటరీ కట్టుకున్న బండిలో తర్వాత స్విచ్ వేయగానే అది మండి ఇంజన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. స్పార్క్ లివర్‌ను అటూ ఇటూ కదిపి ఆ కాంటాక్ట్‌ను వెతుక్కోవచ్చు కూడా. నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా ఇలా "స్విచ్ మీద" స్టార్టయ్యేదని పేరు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చినది, ఆ కాలానిదే. సిల్వర్ ఘోస్ట్‌లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది 1919లో.

చార్ల్స్ కెటరింగ్ చేసిన పనిని ఈ నేపథ్యంలో చూడాలి. విద్యుత్తుతో ఇంజన్ తిప్పాలన్న ఆలోచన ఆయనది కాదు. ఇంగ్లండ్‌లో 1896లోనే డౌసింగ్ అనే ఇంజనీర్ ఆర్నాల్డ్ కారుకు ఎలక్ట్రిక్ మోటారు బిగించాడు. అమెరికాలో క్లైడ్ కోల్‌మన్‌కు 1903లో పేటెంట్ వచ్చింది. అయితే ఇంజన్‌ను తిప్పగల మోటారు ఇంజనంత ఉండాలని, దానికి బండెడు బ్యాటరీలు కావాలని అందరూ నమ్మేవాళ్లు. కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టె యంత్రానికి ఎలక్ట్రిక్ మోటారు పెట్టాడు. క్షణంసేపు పనిచేసి ఆగిపోయే మోటారు మీద దాని స్థాయికి మించిన భారం వేసినా వేడెక్కేలోపే పని అయిపోతుందని ఆయనకు అక్కడే తెలిసింది. ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి పెట్టిన డెల్కో కంపెనీలో 1911లో ఆ మోటారును క్యాడిలాక్‌కు అమర్చాడు. ఒకే యంత్రం ఇంజన్ లేపేటప్పుడు మోటారుగా, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ నింపే జనరేటర్‌గా పనిచేసేది. లైట్లకూ ఇగ్నిషన్‌కూ కరెంటు అదే బ్యాటరీ నుంచి. స్ప్రింగ్ ఒక్క పని చేస్తుంది, దానికయ్యే ఖర్చంతా ఆ ఒక్క పని మీదే పడుతుంది. బ్యాటరీ ఖర్చు మూడు పనుల మీద పంచుకుంటుంది. ఎసిటిలీన్ లైట్లు పోవడంతో ఎసిటిలీన్ స్టార్టర్‌కు ఆధారం కూడా పోయింది.

క్యాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్‌ను ఈ పనికి పురిగొల్పింది ఆయన మిత్రుడు బైరన్ కార్టర్ మరణమని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆగిపోయిన కారు దగ్గర ఒక మహిళకు సాయం చేయబోయి హ్యాండిల్ దెబ్బకు గాయపడి కార్టర్ చనిపోయాడని, అది 1910 చలికాలంలో జరిగిందని చెబుతారు. కార్టర్ మరణించింది 1908లో. ఆ తేదీ దగ్గరే కథ సరిపోవడం లేదు. హ్యాండిల్ గాయాలు నిజం, లేలండ్ పట్టుదల నిజం, ఆ రెండింటినీ కలిపిన కథను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. అలాగే సెల్ఫ్ స్టార్టర్ ఆడవాళ్ల కోసం వచ్చిందని తేల్చేయడం కూడా సగం నిజమే. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు నడిపేదన్నది వాస్తవం, హ్యాండిల్ తిప్పనక్కర్లేని ఆ కార్లను మహిళలకు ప్రత్యేకంగా ప్రచారం చేసి అమ్మారు కూడా. కానీ మణికట్లు విరగ్గొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. జీతానికి కారు నడిపే షోఫర్ పేరు మీద ఆ గాయానికి పేరు ఊరికే రాలేదు.

క్యాడిలాక్ దారి చూపాక కూడా మోడల్ టీకి ఏడేళ్లు ఎందుకు పట్టింది? ధర. 1908లో 850 డాలర్లున్న టూరింగ్ మోడల్ 1916కి 360 డాలర్లకు దిగింది. ఫోర్డ్ బలమంతా ఆ తగ్గింపులోనే ఉంది. మోడల్ టీ ఇగ్నిషన్‌కు కరెంటు ఫ్లైవీల్‌కు (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రానికి) బిగించిన మాగ్నెటో నుంచి, అంటే అయస్కాంతాలతో కరెంటు పుట్టించే యంత్రం నుంచి వస్తుంది, కాబట్టి ఫ్యాక్టరీ ఇచ్చే బండిలో బ్యాటరీయే లేదు. ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టాలంటే బ్యాటరీ, జనరేటర్, ఫ్లైవీల్ చుట్టూ పళ్ల రింగు, వాటికి తగ్గట్టు ఇంజన్ బ్లాకులో మార్పులు, ఇవన్నీ కావాలి. లివర్ స్టార్టర్‌కో, స్ప్రింగ్ స్టార్టర్‌కో ఇవేవీ అక్కర్లేదు. హ్యాండిల్ ఉన్న చోట నాలుగు బోల్టులతో బిగిస్తే చాలు. బయటి కంపెనీలు ఏడేళ్లు వ్యాపారం చేసుకోగలిగింది ఈ సౌలభ్యం వల్లే. 1919లో ఫోర్డ్ తన సొంత స్టార్టర్ తీసుకురాగానే ఆ గిరాకీకి ఆధారం పోయింది.

చేతి బలాన్ని దాచుకునే ఆలోచన అక్కడితో ఆగిపోలేదు. మన ఊళ్లలో బావుల దగ్గర, కాలువల దగ్గర నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్‌లో అదే ఉంది. సిలిండర్‌లో గాలి నొక్కుకోకుండా చేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తిపట్టి, అడ్డు లేకుండా హ్యాండిల్ తిప్పుతూ బరువైన ఫ్లైవీల్‌కు వేగం ఎక్కించి, చటుక్కున లివర్ వదిలితే ఆ ఊపే డీజిల్ ఇంజన్ కంప్రెషన్‌ను దాటిస్తుంది. యుద్ధ విమానాల్లో, జర్మన్ ట్యాంకుల్లో వాడిన ఇనర్షియా స్టార్టర్ దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లింది. మనిషి అర నిమిషం పాటు హ్యాండిల్ తిప్పితే గేర్ల ద్వారా ఒక చిన్న చక్రం నిమిషానికి వేల చుట్లు అందుకుంటుంది, అప్పుడు క్లచ్ కలిపి ఆ వేగాన్నంతా ఇంజన్‌కు ఇచ్చేస్తారు. ఒక్క లాగుడులో నూట యాభై జౌళ్లిచ్చే మనిషి అర నిమిషంలో మూడు వేల జౌళ్లు ఇవ్వగలడు.

గాలి స్టార్టర్ పెద్ద ఓడల డీజిల్ ఇంజన్లలో నేటికీ మామూలు పద్ధతి. 25 నుంచి 30 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అన్ని రెట్లు) ఒత్తిడితో నింపిన ట్యాంకులు, వాటిని నింపే కంప్రెసర్లు ఓడలో ఎటూ ఉంటాయి, కాబట్టి కారుకు బరువనిపించింది అక్కడ బరువు కాదు. స్ప్రింగ్ స్టార్టర్ ప్రాణరక్షణ పడవల ఇంజన్లలో మిగిలింది. నెలల తరబడి కదలకుండా వేలాడే పడవలో బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. స్ప్రింగ్‌ను మాత్రం అప్పటికప్పుడు చేత్తో చుట్టి వదలొచ్చు, అందుకోకపోతే మళ్లీ చుట్టొచ్చు.